సుంకపు గీతయు, శాంతి ఒడంబడికయు

ఐర్లండు ద్వీపమున వాయవ్య దిక్కున పెటిగో అను ఒక చిన్న గ్రామము గలదు. దాని నడుమ టెర్మన్ అను సన్నని యేరు పారుచున్నది. ఆ యేటికి ఒక ప్రక్కనున్న యిండ్లు డోనెగాల్ జిల్లాకు చెంది ఐర్లండు గణతంత్రములో నున్నవి. రెండవ ప్రక్కనున్నవి టల్లీహామన్ అను పేరుతో ఫర్మానా జిల్లాకు చెంది, ఉత్తర ఐర్లండులో, అనగా బ్రిటిషు రాజ్యములో నున్నవి. రెండింటిని కలుపుచు ఒక పొట్టి వంతెన గలదు. వంతెన కీవల తపాలా పెట్టె రంగు ఆకుపచ్చ, ఆవల ఎరుపు. ఈవల చెల్లు నాణెము యూరో, ఆవల చెల్లునది పౌను. ఈవలి దారిపలకలు దూరమును కిలోమీటర్లలో చెప్పును, ఆవలివి మైళ్లలో చెప్పును. ఇంతకు మించి, ఒక దేశము ముగిసి మరియొక దేశము మొదలగుచున్నదని తెలుపు గుర్తేదియు అక్కడ లేదు. గేటు లేదు, కావలివాడు లేడు, సంచి విప్పి చూపుమని నిలవేయు అధికారి లేడు. ఏదో పనిమీద బయలుదేరిన ముసలమ్మ వంతెన దాటి పరదేశమునకు పోయి, పలుకరించవలసిన వారిని పలుకరించి, పొయ్యి మీది టీ నీళ్లు మరుగులోపల స్వదేశమునకు తిరిగి రాగలదు.

ఆ నడక ఇంత నిరాటంకముగా సాగుటకు ముప్పది సంవత్సరముల అంతఃకలహమును, ఇంచుమించు 3,500 మంది ప్రాణములును వ్యయమైనవి. అటువంటి శాంతిని, తుపాకి పట్టినవాడు గాక, సుంకముల పట్టికలను ముందిడుకొని కూర్చున్న మంత్రులును కార్యదర్శులును సంశయములో పడవేయుట 2016 తరువాతి ఐరోపా చరిత్రలో మనము శ్రద్ధతో చదువదగిన అధ్యాయము. వర్తకపు ఒడంబడిక యనగానే శాతములును, మినహాయింపులును, గడువులును కన్నులకు గట్టును. అవి ఎగుమతిదారుల గొడవలే గదా యని సామాన్య పాఠకుడు పుట త్రిప్పివేయుట సహజము. కాని ప్రతి సుంకమునకును అది వసూలగు చోటొకటి యుండవలెను. ప్రతి నియమమునకును, అది పాటింపబడినదో లేదో పరీక్షించు గుమ్మమొకటి యుండవలెను. ఆ గుమ్మము నెక్కడ నిలుపుదురన్న ప్రశ్న సుంకముల శాఖకు చిన్నది. దాని యెదుట బ్రతుకవలసిన ప్రజలకు మాత్రము అదియే సమస్తము.

ఐర్లండు సరిహద్దు కథ మొదటినుండియు ఈ మాటకు సాక్ష్యముగా నున్నది. 1920లో బ్రిటిషు పార్లమెంటు చేసిన శాసనము ననుసరించి ఆ మరుసటి యేట ద్వీపము రెండు భాగములైనది. ఈశాన్యముననున్న ఆరు జిల్లాలు బ్రిటను క్రింద నిలువగా, తక్కిన ఇరువదియారును 1922లో స్వతంత్ర రాజ్యముగా ఏర్పడెను. విభజన జరిగిన తొలిదినములలో ఆ గీత పటములమీద నుండెనే గాని రైతు పొలములో లేదు, పాలబండి త్రోవలో లేదు. 1923 ఏప్రిల్ 1వ తేదీన సుంకపు ఠాణాలు వెలసిన తరువాతనే అది నేలమీదికి దిగినది. కొన్ని దారులు మాత్రమే ఆమోదము పొందిన దారు లయ్యెను; తక్కిన వందలకొలది పల్లెదారుల ప్రక్కన, ఇది ఆమోదము లేని దారి యను పలకలు నిలిచెను. తన తాత ముత్తాతలు తోలిన దారినే పశువులను తోలుకొని పోవు రైతు ఆ పలకను దాటినంతనే నేరస్థుడయ్యెను. వెన్నయు పందులును దొంగచాటుగా గీత దాటజొచ్చినవి. సుంకమున్న చోట దొంగరవాణా పుట్టుట లోకసహజమే గాని, ఇచ్చట ఆ దొంగరవాణాకు రాజకీయ గౌరవము సైతము కొంత అబ్బెను. ఆ సరిహద్దునే అన్యాయమని నమ్మినవానికి దానిని దాటి వెన్న తెచ్చుట పాపముగా తోచలేదు.

1960ల చివర హింస ప్రజ్వరిల్లినప్పుడు సుంకపు ఠాణాలే తేలికగా చిక్కు లక్ష్యములయ్యెను. ఏకాంతమైన రహదారి ప్రక్కన ఒక చిన్న గది, అందులో ఇద్దరు గుమాస్తాలు, గోడమీద రాజముద్ర. సాయుధులకు ఇంతకంటె కావలసినదేమి? 1972 ఆగస్టు 22న న్యూరీ పట్టణమందలి సుంకపు ఠాణాలో బాంబు అనుకొన్న వేళకు ముందే పేలి తొమ్మిదిమంది మరణించిరి. వారిలో ముగ్గురు బాంబును తెచ్చినవారే. తక్కిన ఆరుగురును ఠాణా గుమాస్తాలు, సరకు దింపుటకు వచ్చిన లారీ డ్రైవర్లు. ఠాణాలను కాపాడుటకు పోలీసులును, పోలీసులను కాపాడుటకు సైనికులును వచ్చిరి. సైనికులను కాపాడుటకు దక్షిణ ఆర్మా కొండలమీద నిఘా గోపురములు లేచినవి. పల్లెదారులను సైన్యము గోతులు త్రవ్వియు, కాంక్రీటు దిమ్మెలు అడ్డముగా పడవేసియు మూసివేయగా, ఊరివారు రాత్రివేళ ఆ గోతులను పూడ్చుకొనుచు వచ్చిరి. సుంకము వసూలు చేయు ఒక చిన్న గదితో మొదలైనది గోపురములతోను హెలికాప్టర్లతోను నిండిన యుద్ధభూమిగా పరిణమించిన ఈ క్రమమును, సరిహద్దులో కెమెరా యొక్కటి పెట్టినంత మాత్రమున మునిగిపోవున దేమున్నదని యడుగువారు మననము చేయవలెను.

ఈ కథలో వర్తకము చేసిన కీడునే గాక మేలును గూడ చెప్పుట న్యాయము. 1993 జనవరి 1న ఐరోపా ఉమ్మడి విపణి ఏర్పడినప్పుడు సుంకపు ఠాణాలు తమంత తాముగా అక్కరలేనివయ్యెను. శాంతి ఒడంబడికకు అయిదేండ్లు ముందుగనే వర్తకము తన గుమ్మమును పీకివేసి దారి చేసినది. తరువాత 1998 ఏప్రిల్ 10న, శుభ శుక్రవారమునాడు, అమెరికా మాజీ సెనేటరు జార్జి మిచెల్ అధ్యక్షతన నడచిన చర్చలు ఫలించి, బెల్ఫాస్టులో గుడ్ ఫ్రైడే ఒడంబడిక కుదిరినది. బ్రిటిషు ప్రధాని టోనీ బ్లేరును, ఐరిషు ప్రధాని బెర్టీ అహెర్నును దానిపై సంతకము చేసిరి. మే 22న ప్రజాభిప్రాయము కోరగా ఉత్తరమున నూటికి 71 మందియు, దక్షిణమున 94 మందియు ఔననిరి. జాతీయవాదుల నాయకుడు జాన్ హ్యూమునకును, యూనియనిస్టుల నాయకుడు డేవిడ్ ట్రింబులునకును ఆ సంవత్సరమే నోబెల్ శాంతి బహుమానము లభించెను.

ఆ ఒడంబడిక యొక్క ఆత్మ యేమో కొంత నిదానించి గ్రహింపవలెను. ఉత్తర ఐర్లండులో రెండు సమాజములు గలవు. ద్వీపమంతయు ఒక్క దేశము కావలెనను జాతీయవాదు లొకరు, వీరిలో కాథలిక్కులే అధికము. బ్రిటనుతో తమ ఐక్యము చెక్కుచెదరకుండవలెనను యూనియనిస్టులు రెండవవారు, వీరిలో ప్రొటెస్టంటులే అధికము. ఈ రెండు కోర్కెలును ఒకే నేలమీద ఒకే కాలమున నెరవేరజాలవు. ఒడంబడిక కర్తలు ఆ యసాధ్యమును సాధింపబూనక, అక్కడి అధిక సంఖ్యాకులు వలదను నంతవరకు ఉత్తరము బ్రిటనులోనే యుండుననియు, అక్కడ పుట్టిన ప్రతివాడును తన యిష్టము ననుసరించి ఐరిషువాడుగనో, బ్రిటిషువాడుగనో, ఉభయముగనో ఉండవచ్చుననియు, ప్రభుత్వమును రెండు సమాజములును కలిసియే నడుపవలెననియు, ఉత్తర దక్షిణముల మంత్రుల మండలి యొకటి, బ్రిటను ఐర్లండుల మండలి యొకటి ఏర్పడవలెననియు విధించిరి. ఫలితమేమనగా, యూనియనిస్టు తన రాజ్యము చెక్కుచెదరలేదని గుండెమీద చేయి వేసికొని నిద్రింపగలిగెను. జాతీయవాది గేటు లేని దారిలో డబ్లిను వరకు పోవుచు తన దేశము ఒక్కటే యనుకొనగలిగెను. ఇరువురి భావనలును సత్యములే. అయితే ఆ రెండు సత్యములును ఒకదానికొకటి తగులకుండ ఉండుటకు ఆధారమైన విషయము, రెండు దేశములును ఒకే ఉమ్మడి విపణిలో నుండుట, ఒడంబడికలో నిబంధనగా వ్రాయబడలేదు. ఐరోపా సమాఖ్యలో తాము భాగస్వాములమని ఉపోద్ఘాతప్రాయముగా చెప్పుకొని యూరకుండిరి. నేలను ఎవరైనను తీసికొని పోవుదురా యని ఇల్లు కట్టువాడు నేలకు దస్తావేజు వ్రాయించుకొనలేదు.

2016 జూన్ 23న బ్రిటను ప్రజలు నూటికి దాదాపు 52 మంది ఐరోపా సమాఖ్యను వీడుటకు ఓటువేసిరి. ఉత్తర ఐర్లండులో నూటికి దాదాపు 56 మంది వీడరాదనిరి గాని, లెక్క దేశము మొత్తమునకు గదా. ఆ దినముననే పెటిగో వంతెన ఒక ప్రశ్నగా మారెను. సమాఖ్య లోపలివారు తమలో తాము సుంకములు లేకుండ సరకులు మార్చుకొందురు. వెలుపలినుండి వచ్చు సరకుపై అందరును ఒకే సుంకము వేయుదురు. మాంసము, పాలు, విత్తనములు మున్నగువాటికి ఒకే ఆరోగ్య నియమములు పాటింతురు. బ్రిటను వెలుపలికి పోయి తన సుంకములను తానే నిర్ణయించుకొని, తనకు నచ్చిన దేశములతో తానే ఒడంబడికలు చేసికొన్నచో, ఐరోపా సరిహద్దు ఆ వంతెనమీదనే పడును. చూచియు చూడనట్లుండరాదా యందురేమో. ఒక పొరుగువానికి ఊరక తలుపు తెరచినచో ప్రపంచ వర్తక సంస్థలోని తక్కిన సభ్యదేశములన్నిటికిని అదే మర్యాద చూపవలెనను సమానాదరణ సూత్రము ప్రపంచ వర్తక వ్యవస్థకు పునాది. ఊరక విడిచిన దారిగుండ ఎక్కడి సరకైనను ఐరోపాలోనికి చొరబడును.

అక్కడ దినవ్యవహారము ఎట్లు పెనవైచుకొని యున్నదో తెలిసినచో చిక్కు బోధపడును. సుమారు 500 కిలోమీటర్ల పొడవు గల ఆ సరిహద్దును రహదారులు 208 చోట్ల దాటుచున్నవి. క్లోన్స్ పట్టణము నుండి కావన్ వైపు పోవు దారి యొక్కటే కొద్ది మైళ్లలో నాలుగుమారులు దేశము మారును. ఉత్తరమున పితికిన పాలలో ఇంచుమించు మూడవవంతు దక్షిణమునకు పోయి అక్కడి డెయిరీలలో వెన్నగను, పొడిగను మారుచున్నది. డబ్లినులో కాచిన గిన్నెస్ బీరు టాంకర్లలో బెల్ఫాస్టునకు పోయి, సీసాలకును డబ్బాలకును ఎక్కి, మరల దక్షిణమునకు వచ్చును. చెక్‌పోస్టు వద్ద వరుసలో నిలిచిన లారీ ఎంత పొద్దు పుచ్చునో మన లారీవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అటువంటి చెక్‌పోస్టు పాల లారీకి దినమునకు రెండుమారులు అడ్డుపడినచో పాలు విరుగుట ఒక నష్టము, పాత పగలు మేల్కొనుట రెండవ నష్టము. సరిహద్దులో ఏ కట్టడము లేచినను అది దాడికి గురియగునని ఉత్తర ఐర్లండు పోలీసు ప్రధానాధికారియే బహిరంగముగా హెచ్చరించెను.

2017 డిసెంబరులో బ్రిటనును ఐరోపా సమాఖ్యయు కఠిన సరిహద్దు ఉండబోదని మాట ఇచ్చుకొనిరి. మాట ఇచ్చుట సులభమయ్యెను, మార్గము చూపుట దుష్కరమయ్యెను. బ్రిటిషు ప్రధాని థెరిసా మే ప్రభుత్వము తెచ్చిన ఏర్పాటును పార్లమెంటు 2019లో మూడుమారులు తిరస్కరించెను. తరువాత వచ్చిన బోరిస్ జాన్సన్, వస్తువుల విషయమున ఉత్తర ఐర్లండు ఐరోపా నియమములనే అనుసరించునట్లును, తనిఖీలు ఐరిషు సముద్రపు రేవులలో జరుగునట్లును ఒప్పుకొనెను. ప్రోటోకోలు అను పేర ఆ ఏర్పాటు 2021 జనవరి 1న ఆచరణలోనికి వచ్చినది. కాలికి వేస్తే వేలికి, వేలికి వేస్తే కాలికి అన్న సామెత ఇంతకంటె చక్కగా ఎక్కడను అన్వయింపదు. నేలమీది గీత నీటిమీదికి పోయెను. జాతీయవాది గుండెలోని ముల్లు యూనియనిస్టు గుండెలోనికి మారెను. తన దేశపు నగరమైన లివర్‌పూలు నుండి తన దేశపు నగరమైన బెల్ఫాస్టునకు మాంసపు పెట్టె వచ్చుటకు పత్రములును పరీక్షలును కావలెననగా, ఇంక తన రాజ్యము ఒక్కటెట్లగునని అతడు బాధపడుట కపటము కాదు. ఆ ఫిబ్రవరి తొలిదినములలో లార్న్ రేవు గోడలపై బెదరింపు వ్రాతలు కనిపించుటచే లార్న్, బెల్ఫాస్టు రేవులయందు తనిఖీ చేయు సిబ్బందిని కొన్ని దినములు వెనుకకు రప్పింపవలసివచ్చెను. ఏప్రిలులో వీథులలో అల్లర్లు చెలరేగెను. 2022 ఫిబ్రవరిలో యూనియనిస్టుల ప్రధాన పక్షము ప్రభుత్వమునుండి తప్పుకొనగా, ఇరు సమాజములు కలిసి నడుపవలసిన ఆ ప్రభుత్వము రెండేండ్లు కూలబడి యుండెను. ఒక సుంకపు గీతను తప్పించుటకు గీచిన మరొక గీత, శాంతి ఒడంబడికకు హృదయమైన సంస్థనే నిలిపివేసినది.

ఈ నాటకమున అమెరికా పాత్ర ప్రత్యేకముగా గణింపదగినది. ఐరోపాను వీడిన బ్రిటనుకు అమెరికాతో గొప్ప వర్తకపు ఒడంబడిక చేసికొనవలెనను ఆశ మిక్కుటముగా నుండెను. అటువంటి ఒడంబడిక అమెరికా శాసనసభయగు కాంగ్రెసు ఆమోదము లేనిదే చెల్లదు. 2019 ఏప్రిలులో ప్రతినిధుల సభాధ్యక్షురాలు నాన్సీ పెలోసీ డబ్లిను వచ్చి, ఐరిషు పార్లమెంటు నెదుట, గుడ్ ఫ్రైడే ఒడంబడికకు హాని కలిగినచో బ్రిటనుతో వర్తకపు ఒప్పందము పొసగదని స్పష్టముగా చెప్పెను. 2020 సెప్టెంబరులో బ్రిటిషు ప్రభుత్వము తాను సంతకము చేసిన ప్రోటోకోలును కొంతమేర ఉల్లంఘింపగల బిల్లును తెచ్చి, అది అంతర్జాతీయ శాసనమును అతిక్రమించునదేనని మంత్రి స్వయముగా సభలో అంగీకరించినప్పుడు, అధ్యక్షపదవికి పోటీచేయుచున్న జో బైడెన్ అదే షరతును తానును ప్రకటించెను. ఆ బిల్లులోని వివాదాస్పద భాగములు ఆ డిసెంబరులో ఉపసంహరింపబడెను. అమెరికా మాట యొక్కటియే అందుకు కారణమని చెప్పుట అతిశయోక్తి యగును. కాని వర్తకమునందలి ఆశను శాంతికి జామీనుగా పట్టవచ్చునను విషయము లోకమునకు తెలిసినది.

నేను దీనిని హర్షించుచునే యొక కొరతను చెప్పక తప్పదు. వాషింగ్టనులో వినబడిన వేదన ఎక్కువగా నేలమీది గీతను గూర్చినదే; నీటిమీది గీతను గూర్చిన యూనియనిస్టుల వేదన కక్కడ అంత శ్రోతృత్వము లభింపలేదు. ఐరిషు వంశీయులు లక్షలుగా నున్న దేశమున అది యెట్లును సంభవించునదే. శాంతి ఒడంబడికను గౌరవించుట యనగా అందు చేయి కలిపిన ఇరువురిని గౌరవించుట. ఒకని భయము షరతుగా మారి, రెండవవాని భయము గొణుగుడుగా మిగిలిపోయినచో, ఆ గౌరవము సగమే.

2023 ఫిబ్రవరి 27న నాటి బ్రిటిషు ప్రధాని రిషి సునాక్, ఐరోపా కమిషను అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ కలిసి ప్రకటించిన విండ్సర్ ఏర్పాటు ఈ సగమును కొంత పూరించినది. బ్రిటనునుండి ఉత్తర ఐర్లండునకు వచ్చి అచ్చటనే నిలుచు సరకు, నమోదైన వర్తకులదైనచో, కొద్ది పత్రములతో ఆకుపచ్చ వరుసలో పోవును. దక్షిణమునకు దాటగల సరకు ఎర్ర వరుసలో పూర్తి పరీక్షకు నిలుచును. ఐరోపా సమాఖ్య క్రొత్తగా చేయు కొన్ని నియమములను అడ్డగింపుమని కోరు అధికారము బెల్ఫాస్టు శాసనసభ్యులకు లభించినది. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వము మరల నిలిచి, మిషెల్ ఓనీల్ అను జాతీయవాద వనిత తొలిసారిగా ప్రథమ మంత్రి పీఠమెక్కెను. ఇల్లు అలుకగానే పండుగ కాదు గాని, ఇల్లు అలుకుట జరిగినది.

ఇట్టి శ్రద్ధ వర్తక శాసనమునకు క్రొత్తదని యనుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధానంతరము 1947లో కుదిరిన గాట్ అను ప్రపంచ వర్తక ఒడంబడికలోని 24వ అధికరణము చదివినచో ఆశ్చర్యము గలుగును. సరిహద్దు పల్లెల రాకపోకలకు పొరుగుదేశములు ప్రత్యేక సౌకర్యములు ఇచ్చుకొనవచ్చునని అందు గలదు. ఇటలీ యుగోస్లావియాల నడుమ ఏర్పడిన ట్రియెస్ట్ స్వతంత్ర భూభాగముతో దాని పొరుగువారు చేయు వర్తకమునకు రాయితీలు ఇయ్యవచ్చుననియు, అయితే అవి యుద్ధానంతర శాంతి సంధులకు విరుద్ధముగా నుండరాదనియు స్పష్టముగా వ్రాయబడినది. ఆ అధికరణముననే భారత పాకిస్తానములు స్వతంత్ర రాజ్యములుగా ఏర్పడిన అసాధారణ పరిస్థితులను బట్టి ఆ రెండును తమలో తాము ప్రత్యేక వర్తక ఏర్పాట్లు చేసికొనవచ్చునని మన దేశము పేరనే యొక వాక్యమున్నది. ఒక యింటిని రెండుగా చీల్చినప్పుడు మామూలు సుంకపు సూత్రము చాలదని ఆ తరమువారికి తెలియును. ఐరోపా సమాఖ్యకు మూలమైన 1957 రోము సంధికి అనుబంధమైన పత్రములో తూర్పు పశ్చిమ జర్మనీల నడుమ వర్తకము జర్మనీ అంతర్వర్తకముగనే ఎంచబడెను. మనకై వ్రాసిన వాక్యము ఇప్పటికిని అచ్చులో నున్నదే గాని పాకిస్తాను సరిహద్దునందలి అటారీ గుమ్మము మూతపడియున్నది. వాక్యము దారి చూపును, నడువవలసినది పొరుగువారే.

ఐర్లండు మనకు దూరమను తలంపును గూడ సవరించుకొనవలసియున్నది. 2025 జూలై 24న సంతకమైన భారత బ్రిటను వర్తక ఒడంబడికలో రొయ్యలపై సుంకము తొలగుట ఆంధ్ర తీరమునకు ముఖ్యాంశము. భీమవరము చెరువులలో పెరిగిన రొయ్య లండను రేవున దిగినచో ఆ రాయితీ నేరుగా వర్తించును. అదే పెట్టె బెల్ఫాస్టు రేవున దిగి, దక్షిణమునకు దాటగల సరకుగా ఎంచబడినచో, ఐరోపా సుంకమును చెల్లింపవలసియుండును. ఆరోగ్య నియమములు మాత్రము ఎట్లయినను ఐరోపావే. మన ఎగుమతిదారునకు ఇది విసుగు పుట్టించు చిక్కుగా తోచవచ్చును. 1972లో న్యూరీ ఠాణాలో మడిసిన గుమాస్తాలను తలచుకొన్నచో, ఆ చిక్కు ఎందుల కున్నదో తెలియును, విసుగు తగ్గును.

కావున సంధికార్యదర్శులు బల్లచుట్టును చేరిన మొదటిదినముననే, ఈ సుంకము ఎక్కడ వసూలగును, ఆ చోట ఇదివరకు ఎవరెవరికి ఏ మాట ఇయ్యబడినది యని యడుగుట విధిగా నుండవలెను. ఐరోపా సమాఖ్య తన వర్తక ఒడంబడికలలో మానవహక్కులను ఉల్లంఘింపరాని మూలాంశముగా వ్రాయించుచున్నది. శాంతి ఒడంబడికలకును అదే స్థానము నియ్యవచ్చును. విండ్సర్ ఏర్పాటునకు మూలమైన ప్రోటోకోలు మొదటి అధికరణముననే 1998 ఒడంబడికను సమగ్రముగా రక్షించుట తన ఉద్దేశమని చెప్పుకొన్నది. రెండవ అధికరణమున, ఆ ఒడంబడిక ఇచ్చిన హక్కులకు సమాఖ్యను వీడుటవలన తగ్గుదల కలుగరాదని శాసించినది. కలహము పెచ్చుపెరిగిన తరువాత వ్రాసిన ఈ వాక్యములను, కలహము రాకముందే వ్రాయుటకు ఇతరులకు ఏ యాటంకమును లేదు.

ఒడంబడిక వ్రాసినంతనే పని తీరినదని గూడ ఎవ్వరు ననుకొనరాదు. ఉత్తర ఐర్లండులో ఈ వర్తకపు ఏర్పాటును కొనసాగింపవలెనో వలదో నిర్ణయించు హక్కు అక్కడి శాసనసభకే ఉన్నది. 2024 డిసెంబరు 10న ఓటు తీసికొనగా 48 మంది కొనసాగింపవలెననిరి, 36 మంది వలదనిరి. అనుకూలముగా ఓటువేసిన వారిలో యూనియనిస్టు ఒక్కడైనను లేడు. ఉభయ సమాజముల సమ్మతియు లభించియుండినచో ఏర్పాటు ఎనిమిది సంవత్సరములు నిలిచెడిది. ఒక సమాజము కాదన్నందున నాలుగు సంవత్సరములకే పరిమితమైనది. మరల ఓటు 2028లో జరుగవలసియున్నది.